మా యేటి వెంబడి

నదీతీరమున కాపురముండుట పూర్వపుణ్యమని మన పెద్దలు చెప్పుదురు. ఆ లెక్కను చూచినచో మేము మిక్కిలి పుణ్యము చేసికొన్నవారమే. మా మేడమీది కెక్కి ఉత్తరపు దిక్కునకు చూచినచో మూసీనది అర మైలు దూరమున నున్నది. అయినను నేను కాపురమునకు వచ్చిన పదునాలుగేండ్లలో ఆ నదిని చూచుటకని ఒక్కమాఱైనను పోయి యెఱుగను. వేసవి సాయంకాలములందు ఆ వైపునుండి గాలి తిరిగినప్పుడు, "ఏటిగాలి వచ్చుచున్నది, కిటికీలు మూయవమ్మా" అని మా అత్తగారు కేకవేయుదురు. నేను పోయి మూయుదును. మాకును మా నదికిని గల చుట్టఱిక మంతమాత్రమే.

మా ప్రాంతము నెఱుగని సోదరీమణుల కొఱకు రెండు మాటలు చెప్పవలెను. హైదరాబాదు నగరమునకు తూర్పున, విజయవాడకు పోవు రహదారిమీద, మొదట దిల్‌సుఖ్‌నగరమును, తరువాత ఎల్. బి. నగరమును ఉన్నవి. దిల్‌సుఖ్‌రాం ప్రసాదు అను భూస్వామి పేర మొదటిదియు, లాల్ బహదూరు శాస్త్రిగారి పేర రెండవదియు వెలసినవి. ఈ రెంటి నడుమ చైతన్యపురిలో మా యిల్లు. 2018 సెప్టెంబరు 24వ తేదీ మొదలు మా రహదారి నడుమ స్తంభములపై మెట్రో రైలు నడచుచున్నది. దాని క్రింద చీరల దుకాణములు, పుస్తకముల అంగళ్లు, ఉద్యోగపరీక్షలకు చదివించు శిక్షణాలయములు, సాయిబాబా మందిరమునకు పోవు భక్తులు, కాలు మోప చోటులేని బస్సులు. ఈ సందడికి దక్షిణమున సరూర్‌నగరపు చెఱువు, ఉత్తరమున మూసీ. రెండు నీళ్ల నడుమ నివసించుచున్నను, మాకు నీరనగా నల్లాలో వచ్చునదే.

మా కాలనీకి చేరువనే, ఏటి యొడ్డున, ఒక గుట్ట కలదు. దానిని ఫణిగిరి యందురు. కోసగుండ్ల నరసింహస్వామి అక్కడ వెలసియున్నాడు. ఆ గుట్టబండమీద ప్రాకృతభాషలో ఒక శాసనము చెక్కబడి యున్నది. అది క్రీ. శ. 4, 5 శతాబ్దముల నాటిదని పండితుల నిర్ణయము. అందు గోవిందరాజవిహారమను బౌద్ధవిహారము ప్రసక్తి వచ్చును. అనగా పదునైదు వందల యేండ్లకు పూర్వమే భిక్షువులు ఈ యేటిని నమ్ముకొని ఇక్కడ నివాస మేర్పఱచుకొనిరన్నమాట. వారు నీటివైపు ముఖము పెట్టి కూర్చుండిరి. మేము నీటివైపు వీపు పెట్టి యిండ్లు కట్టుకొంటిమి.

2025 సెప్టెంబరు చివరి దినములలో పెద్దవాన కుఱిసి, ఎగువ జలాశయముల ద్వారములు తెఱవగా, మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి వచ్చెను. రాత్రివేళ ప్రయాణికులను వెలుపలికి తెచ్చుట కెంతయో కష్టమయ్యెను. ఆ వఱద తీసిన కొన్ని దినములకు, ఆఱవ తరగతి చదువుచున్న మా అమ్మాయి వాళ్ల నాన్నగారి యొద్ద కూర్చుండి నదుల పాఠము వల్లించుచు, పుస్తకము మూసి, "అమ్మా! రాజమహేంద్రవరములో గోదావరిమీద పడవలు పోవును గదా. మన యేటిలో పడవమీద పోవచ్చునా?" అని యడిగినది. మా వారు ఉపాధ్యాయులు. తరగతిలో నలుబదిమంది ప్రశ్నలకు తడువుకొనక బదులు చెప్పువారు. ఆ ప్రశ్నకు మాత్రము వారు నావైపు చూచిరి. నేను చేతిలోని పప్పుగుత్తివైపు చూచితిని.

మా అత్తగారు మాత్రము వెంటనే బదులు చెప్పిరి. "ఆ యేటి పేరెత్తకుడు. అది మనుష్యులను మ్రింగిన యేఱు" అనిరి. ఆ మాట వారి నాయనమ్మగారి నోటినుండి వచ్చినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి, ఒక్కనాటిలో సుమారు పదునైదు వేలమందిని పొట్టను బెట్టుకొనినది. అఫ్జల్‌గంజిలో ఒక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నున్నది. అప్పుడు పండ్రెండేండ్ల బాలికయైన ఆ నాయనమ్మగారు నీరు తీసిన తరువాత వీథులలో చూచినదానిని చనిపోవు వఱకును చెప్పుచుండెడివారట.

ఆ యుపద్రవము తరువాత నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వారి సలహాను బట్టి నగరమునకు ఎగువన మూసీమీద ఉస్మాన్‌సాగరు 1920లోను, దానితో కలియు ఈసీమీద హిమాయత్‌సాగరు 1927లోను ముగిసినవి. వఱదలు తగ్గెను, నగరమునకు త్రాగునీరును దొరకెను. కాని మంచినీరంతయు ఎగువననే నిలిచిపోవుటచే, వానకాలము దప్ప తక్కిన దినములలో నగరములోని నదికి మిగిలినది మన యిండ్లనుండియు కర్మాగారములనుండియు వచ్చు మురుగునీరే. మన మే నీటిని పంపితిమో ఆ నీరే మన నది యయ్యెను.

ఈ నదికి మన పెద్దలు పెట్టిన పేరు ముచుకుంద. భాగవతమున దశమస్కంధము చదివిన సోదరీమణులకు ముచుకుందుని కథ తెలియును. దేవతల పక్షమున పోరి యలసిన ఆ రాజు వరముగా నిద్రను మాత్రమే కోరుకొనెను. గుహలో పండుకొనియున్న యాతనిని కాలయవనుడు కృష్ణుడని భ్రమించి కాలితో తన్నెను. కన్ను తెఱచిన రాజు చూపు సోకగానే యవనుడు బూడిదయ్యెను. ఆ గుహ వికారాబాదునొద్ద అనంతగిరి కొండలలో నున్నదనియు, కృష్ణదర్శనమైన పిమ్మట రాజు స్వామి పాదములు కడిగిన నీరే నదిగా పాఱినదనియు స్థలపురాణము. చిన్ననాట మా తండ్రిగారు ఈ ఘట్టము చదివించినప్పుడు నేను యవనుని మూర్ఖతకు నవ్వితిని. అత్తగారి మాట విన్న ఆ రాత్రి మాత్రము నిద్రపోవు దానిని తన్నుచున్నవారము మేమే కదా యని తోచినది.

మా వారు మరునాడు, "అమ్మాయి ప్రశ్నకు పుస్తకములో బదులు లేదు. ఏటి యొద్దకు పోయి చూచి రండు" అనిరి. శనివారములందు పారాయణమునకు చేరు మా కాలనీ స్త్రీలతో ఈ మాట చెప్పితిని. ప్రక్క వీథి వదినగారు, "నడచిన దూరము, కారులో పోయిన ఏమియు కనబడదు. సైకిళ్లమీద పోదము" అనిరి. అందఱును నవ్విరి. ఏలయన, మాలో సగముమందికి సైకిలు తొక్కుట రాదు. ఆ సగములో నేనును ఒకతెను.

ముప్పదియైదవ యేట సైకిలు నేర్చుటలోని కష్టము సైకిలుది కాదు, సిగ్గుది. మా వారి పాఠశాల మైదానమున, పిల్లలు రాని వేళ చూచి, పదునెనిమిది దినములు నేర్చితిని. మా అమ్మాయి వెనుకనుండి పట్టుకొని, తాను విడిచిన సంగతి చెప్పక, "పట్టుకొంటిని, పట్టుకొంటిని" అని కేకలు వేయుచుండెడిది. రెండుమాఱులు మోకాళ్లు చీరుకొనినవి. పసుపు పూయుచు అత్తగారు, "ఈ వయసున నీకిదేమి?" అనిరి గాని, మానుమని యనలేదు. మన పొరుగున తమిళదేశమున పుదుక్కోట్టై జిల్లాలో 1990వ దశకపు మొదటి యేండ్లలో అక్షరాస్యతోద్యమముతో పాటు వేలకొలది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చిరి. చదువు వచ్చిన స్త్రీ తన ఉత్తరము తాను చదువుకొనును. సైకిలు వచ్చిన స్త్రీ తన త్రోవ తాను పోవును. ఆ రెండును ఒక్కటే పాఠమని వారు కనిపెట్టిరి. మేము ముప్పదియేండ్లకు పైగా ఆలస్యముగా నేర్చితిమి.

పుష్యమాసమున నొక యాదివారము, తెల్లవాఱుజామున ఐదున్నర గంటలకు, పదకొండుగురు స్త్రీలము, నలుగురు పిల్లలు ఎల్. బి. నగరు కూడలిలో చేరితిమి. కొంగులు నడుమునకు బిగించినవారు కొందఱు, పంజాబీ దుస్తులు వేసికొన్నవారు కొందఱు. సైకిళ్లలో సగము మా పిల్లలవే. మంచు దట్టముగా నుండెను. పగటివేళ దాట శక్యము కాని ఆ కూడలి అప్పుడు మా యింటి పెరడువలె నుండెను. అక్కడినుండి ఉత్తరముగా నాగోలువైపు వెళ్లితిమి. దారిలో టీ బండివాడు పొయ్యి వెలిగించుచు మమ్ము చూచి, నోటిమాట లేక చేయి యెత్తెను.

నాగోలు వంతెనమీద అందఱమును దిగి, కటకటాలయొద్ద నిలిచితిమి. అదియే నేను మూసీని నిలిచి చూచుట మొదటిమాఱు. నీటి రంగు నలుపు. దానిమీద తెల్లని నురుగు మడుగులు కట్టి, మెల్లగా తిరుగుచుండెను. ఒడ్డువెంట గుఱ్ఱపుడెక్క పచ్చగా పఱచుకొని, దూరమునుండి చూచువారికి పైరువలె కనబడుచుండెను. వాసన ముక్కునకు గాక గొంతునకు తగిలెను. ఒక బాలుడు వాంతి చేసికొనెను. ఆ నీటి యంచుననే కొంగలు వరుసగా నిలిచియుండెను. ఆ దుర్గంధములో నవి యేమి దొరకించుకొనునో! మా అమ్మాయి కటకటాలు పట్టుకొని చాలసేపు చూచి, "పడవ పోగలదు, అమ్మా. మనుష్యులే పోలేరు" అన్నది.

నగరమువారు ఏమియు చేయుటలేదని చెప్పరాదు. నాగోలునొద్దను, అంబరుపేటయొద్దను మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రములు కలవు. అంబరుపేటలోనిది దినమునకు 33.9 కోట్ల లీటర్ల నీటిని శుద్ధిచేయుటకై కట్టినది. అయినను, కాలువలవెంట శుద్ధికాకయే వచ్చి కలియు నీరు ఎంత గలదో ఆ వంతెనమీద నిలిచినవారి ముక్కు చెప్పగలదు.

వంతెన దాటి, ఉప్పల్ భగాయతు మీదుగా, పీర్జాదిగూడ ప్రక్కనుండి ప్రతాపసింగారము వైపు ఏటి వెంబడి పోయితిమి. సూర్యుడు వచ్చెను. ఇండ్లు పలుచనయి, ఒడ్డున ఆకుకూర మడులును, మనుష్యుని నడుమునకు వచ్చు గడ్డియు కనబడినవి. ఆ గడ్డి మూసీ నీటితో పెరిగి, కోసినకొలది వచ్చుచు, నగరములోని పాడిపశువులకు మేతయగును. నలుగురు స్త్రీలు మోకాలిలోతు నీటిలో నిలిచి కొడవళ్లతో కోయుచుండిరి. వారిలో పెద్దామె ఒడ్డునకు వచ్చి కట్ట దించుకొని, "గీ సైకిళ్లేసుకొని యాడికి పోతున్రమ్మా?" అని యడిగెను.

"ఏఱు చూచుటకు వచ్చితిమి" అంటిని.

ఆమె నవ్వు ఆపుకొనలేకపోయెను. "ఏరు చూడనీకి ఎవరన్న వస్తరా?" అనెను. తరువాత తన పిక్కలవైపు చూపి, "నీళ్లల్ల దిగకుండ్రి. దురద పుడ్తది. మాకంటె అలవాటైంది" అనెను.

ఆ గడ్డి యెక్కడికి పోవునని అడిగితిని. తట్టియన్నులు వచ్చి కొట్టములకు కొనిపోవునని, కొత్తపేట, నాగోలు, ఉప్పలు పేర్లు చెప్పెను. మేము పదకొండుగురమును ఒకరి ముఖ మొకరు చూచుకొంటిమి. ప్రొద్దున కాఫీలో పోసికొన్న పాలలో ఆ గడ్డి పాలెంతయో ఎవరికి తెలియును? మా వంటింటి తొట్టినుండి పోయిన నీరు ఆ తల్లి పిక్కలను తాకి, ఆమె కోసిన గడ్డియై, పశువు పాలై, మా వంటింటికే తిరిగివచ్చుచున్నది కాబోలు. ఏటికిని మాకును చుట్టఱికము లేదనుకొంటిని. దినమునకు రెండుమాఱులు పాలు కాచునది నేనే.

ఈ యాత్రలో నన్ను మిక్కిలి కలచిన సంగతి ఇంకొకటి కలదు. మాతో వచ్చినవారిలో మా వెనుక వీథి చెల్లెలొకతె యున్నది. ఆమె యిల్లు ఏటికి మిక్కిలి దగ్గఱ. 2024 సెప్టెంబరులో నదిని బాగుచేయు పథకము నిమిత్తమై నదీగర్భములోని యిండ్లను లెక్కించుటకు అధికారులు వచ్చి, గోడలమీద ఎఱ్ఱరంగుతో గుఱుతులు వేసిరి. చైతన్యపురి, కొత్తపేట ప్రాంతములలో ఆ దినములలో పొయ్యి వెలిగించని యిండ్లు చాల. చాదర్‌ఘాటు వైపు కొందఱు ప్రభుత్వము కట్టించిన రెండు పడకగదుల యిండ్లకు తరలిపోయిరి. ఈ చెల్లెలి యింటి గోడమీదను ఎఱ్ఱ గుఱుతు పడినది. ఆమె భర్త కట్టుకొన్న యిల్లది. అప్పు తీఱుటకు ఇంకను ఏడేండ్లున్నవి. వంతెనమీద అందఱమును నీటిని చూచుచుండగా, ఆమె మాత్రము నీటిని చూడక, మేము వచ్చిన యొడ్డువైపే చూచుచుండెను.

తిరుగుప్రయాణమున ఒక వేపచెట్టు క్రింద కూర్చుండి తెచ్చుకొన్న పులిహోర తినుచుండగా, అందఱును నది బాగుపడవలెనని ఉత్సాహముగా మాటలాడుచుండిరి. గట్లు కట్టవలెనని యొకరు, చెట్లు నాటవలెనని యొకరు, సైకిళ్లకు త్రోవ వేయవలెనని యొకరు. నగరమునకు పడమట వలయరహదారి ప్రక్కన 2023లో, పైన సూర్యశక్తి పలకలు కప్పుగా, 23 కిలోమీటర్ల సైకిలు త్రోవ వేసిరనియు, అట్టిది ఇక్కడను కావలెననియు వదినగారు చెప్పిరి. అప్పుడా చెల్లెలు, "నది బాగుపడవలెనని నాకును ఉన్నది, అక్కయ్యా. బాగుపడిన నదిని చూచుటకు నేనిక్కడ నుందునా?" అనినది. ఎవరును మాటలాడలేదు. ఆమెకు బదులు చెప్పగల చదువు నాకు లేదు. ఇప్పటికిని లేదు. కాని ఏటి సౌందర్యమును గూర్చి మాటలాడుటకు ముందు, ఆ యేటి వాసనను ఇన్నేండ్లు భరించినవారి మాట అడుగవలెనని మాత్రము ఆనాడు తెలిసికొంటిని.

మా అమ్మాయికి పడవ బాకీ యుండిపోయెను. మాఘమాసమున నొక చిన్న బస్సు కుదుర్చుకొని, ఆ స్త్రీలమే, పిల్లలతోడను మా వారితోడను అనంతగిరికి పోయితిమి. ఎన్నడును ఏటి పేరెత్తనీయని మా అత్తగారు, "పుట్టినచోట నైనను దానిని చూచెదను" అని ముందుగా వచ్చి కూర్చుండిరి. హైదరాబాదునకు పడమట సుమారు 75 కిలోమీటర్ల దూరమున వికారాబాదు అడవులలో అనంతపద్మనాభస్వామి సన్నిధి యున్నది. ఆ కొండల యందే మూసీ పుట్టుక. మేము చూచిన చోట అది రాళ్లనడుమ చెమ్మగా మొదలై, బెత్తెడు వెడల్పున పాఱు తేటనీరు. మా అమ్మాయి ఒక్క యంగలో దానిని దాటి, "అమ్మా! మూసీని దాటితిని" అని కేకవేసినది. నాగోలు వంతెనను తలంచుకొని అందఱమును నవ్వితిమి; నవ్వినపిదప మనసు చివుక్కుమనెను.

అక్కడికి కొంత దూరమున కోటిపల్లి జలాశయము కలదు. చుట్టును అడవి, నడుమ నిండైన నీరు. మేము పోయిననాడు ఆ యూరి యువకులు కయాకులను సన్నని దోనెలను తెచ్చి నిలిపి యుండిరి. ఒక్కొక్కటి ఇద్దఱికి చాలును. ఎక్కువారందఱికిని లైఫు జాకెట్లు తొడిగి, బిగువులు తామే పరీక్షించి, తెడ్డు పట్టు విధము నేర్పిరి. తెడ్డుతో నీటిని కొట్టరాదట. లోపలికి దింపి, వెనుకకు లాగవలెను. కుడివైపు లాగినచో దోనె ఎడమకు తిరుగును. ఎడమవైపు లాగినచో కుడికి. ఇద్దఱును ఒక్క లెక్కలో వేయకున్న దోనె ఉన్నచోటనే గిరగిర తిరుగును. కాపురమును అంతియే కదా యని వదినగారనిరి.

నాకు ఈత రాదు. దోనెలో కాలుపెట్టినంతనే అది ఊగెను. నా ప్రాణములు గొంతులోనికి వచ్చెను. వెనుక మా అమ్మాయి, "పట్టుకొంటిని, అమ్మా" అన్నది. ఆ మాట నమ్మదగినది కాదని మైదానములోనే తెలిసికొంటిని గాని, ఏమిచేయుదును? మొదటి పావుగంట మేము చేసినది ప్రదక్షిణమే. తరువాత చేతులకు లెక్క తెలిసెను. దోనె ముక్కు తిన్నగా నిలిచి, నీటిని చీల్చుకొని పోసాగెను. గట్టునుండి దూరముగా పోయినపిదప మేము తెడ్లు ఒడిలో పెట్టుకొని ఊరకుంటిమి. నీటి చప్పుడు దప్ప మఱియొకటి లేదు. చేయి ముంచితిని. ముంచిన చేతిని ముఖమునకు తుడుచుకొంటిని. నదియనగా ఇట్లు చేయుటకు వీలైనది కదా యని అప్పుడు తోచినది. నా కన్నుల నీరు తిరిగెను. అమ్మాయి వెనుక నుండుటచే చూడలేదు.

గట్టునకు వచ్చునప్పటికి మా అత్తగారు చెప్పులు విడిచి, పాదములు నీటిలో నుంచి కూర్చుండియున్నారు. నెత్తిన నీళ్లు చల్లుకొని, "ఇది మన యేటి నీరేనా?" అని యడిగిరి. మా వారు, "కాదు, అమ్మా. ఈ కొండలే నీటికి పెట్టిన గట్టు. కోటిపల్లి వాగు పడమటికి పోయి కాగ్నాలోను, కాగ్నా భీమలోను, భీమ కృష్ణలోను కలియును. మన మూసీ తూర్పునకు పోయి, హైదరాబాదు దాటి, వాడపల్లియొద్ద కృష్ణలో కలియును" అనిరి. ఆమె కొంచెము సేపు ఆలోచించి, "అయితే అక్కచెల్లెండ్రు. ఒకరికి మంచి యిల్లు దొరకినది, ఒకరికి దొరకలేదు" అనిరి. ఆ వెనుక వీథి చెల్లెలు ఆమె ప్రక్కనే కూర్చుండియుండెను.

ఇవి చూచివచ్చిన పిమ్మట నాకు ఆశ చెడలేదు. లండనులోని థేమ్సునదిలో జీవములే లేవని 1957లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. మురుగునీటిని శుద్ధిచేయు పని పట్టుదలతో సాగించగా అందు చేపలు తిరిగివచ్చెను. నేడు దాని ముఖద్వారమున సీలు జంతువులును లెక్కకు వచ్చుచున్నవి. చచ్చినదనుకొన్న నది చావలేదు, నిద్రించుచుండెను. ముచుకుందుని లేపవలసినది కాలితో గాదు.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వమును అడుగుదము. మనము చేయవలసినదానికి ఎవరి సెలవును అక్కఱలేదు. వేచిన నూనెను తొట్టిలో పోయక పాతగుడ్డతో తుడిచి వేఱుచేయుట, పూజాపుష్పములను కవరుతో గూడ ఏటిలో విసరక తులసికోట మొదటనో పెరటి యెరువుగుంటలోనో వేయుట, వినాయకుని మట్టితో చేసికొని ఇంటనే బిందెలో కలుపుట, ఇవి చిన్నపనులే. వీనివలన నది రేపే తేటపడదు. కాని మురుగుకాలువ మొదలు మన వంటింటిలో నున్నదని పిల్లలకు తెలియును.

మఱియు, మీ యూరి యేటినో, చెఱువునో చూచుటకు పొండు. ఒంటరిగా గాక పదిమంది కలసి పొండు. మొదటిమాఱు నాలుగైదు కిలోమీటర్లకు మించకుడు. వాహనములు తక్కువగానుండు వేకువనే బయలుదేరుడు. కొంగు, చున్నీ చక్రమున పడకుండ బిగింపుడు. త్రాగునీరు ఇంటినుండియే కొనిపొండు. మురుగుకలిసిన నీటిలో కాలు పెట్టకుడు. తిరిగివచ్చి చేతులు సబ్బుతో కడుగుకొనుడు. పడవ యెక్కుచోట లైఫు జాకెట్టు లేనిచో, ఎంత ముచ్చటపడినను, ఎక్కకుడు. ఒడ్డున పనిచేయువారు కనబడినచో నిలిచి మాటలాడుడు. వారు చెప్పు సంగతులు ఏ పుస్తకమందును దొరకవు.

మా అమ్మాయి తన పుస్తకములో నదుల పాఠము క్రింద ఇట్లు వ్రాసికొన్నది: "ప్రశ్న: మన యేటిలో పడవమీద పోవచ్చునా? జవాబు: ఇప్పుడు పోరాదు." మా వారు ఎఱ్ఱసిరాతో "ఇప్పుడు" అను మాటక్రింద గీత గీచి, ప్రక్కన సరియను గుఱుతు వేసిరి. ఎఱ్ఱ గుఱుతులలో అట్టివియు కలవు.

మేము నెలకొక యాదివారము ఏటి వెంబడి పోవుట నియమముగా పెట్టుకొంటిమి. నిన్న సాయంకాలము గాలి అటునుండి తిరిగెను. అలవాటు చొప్పున నేను కిటికీ మూయబోగా అత్తగారు, "ఉండనిమ్ము. దాని సంగతి యెట్లున్నదో తెలియవలెను గదా" అనిరి. వచ్చు ఆదివారము మరల పోవుచున్నాము. వెనుక వీథి చెల్లెలును వచ్చుచున్నది. ఈసారి వంతెనదాక పోవుటకు ముందుగా, ఆమె యింటిముందు దిగి, ఆమె చేతి టీ త్రాగి, అక్కడినుండి ఏటిని చూడవలెనని అందఱమును నిశ్చయించుకొంటిమి.